చిన్నపిల్లలున్న ఇంటికి షెల్టర్ నుంచి కుక్కపిల్లను తెచ్చుకోవడం ఎలా?

కుక్కపిల్లను తెచ్చుకోవాలనుకున్న ఇళ్లలో దానికి ఏమేం నేర్పాలన్న చర్చే ఎక్కువగా జరుగుతుంది. ఐదారేళ్ల పిల్లలున్న ఇంట్లో అంతకంటే ముందు నేర్పవలసింది పిల్లలకు, వారికంటే ముందు సిద్ధపడవలసింది పెద్దలు. వరంగల్, హనుమకొండ, కాజీపేట కాలనీల్లో పుట్టి, తల్లిని పోగొట్టుకునో బండి కింద పడి గాయపడో షెల్టర్‌కు, అంటే దిక్కులేని జంతువులను చేరదీసే ఆశ్రయానికి చేరే దేశీ కుక్కపిల్లలు మన ఎండలను తట్టుకోగలిగినవి, పిల్లలతో చక్కగా కలిసిపోగలిగినవి. వేలు పోసి చలిదేశాల జాతి కుక్కను కొని మే నెలలో దాన్ని అవస్థ పెట్టడం కంటే వీటిలో ఒకదానికి ఇల్లు చూపడం ఎంతో మేలని నా గట్టి నమ్మకం.

ముందుగా ఇంట్లో మాట్లాడుకోండి

కుక్క పది పదిహేనేళ్లు బతుకుతుంది. ఇప్పుడు యూకేజీ చదువుతున్న పాప ఇంటర్ దాటేదాకా అది ఇంట్లో ఉంటుంది. పొద్దున్నే బయటికి తీసుకెళ్లేది ఎవరు, ఊరికి వెళ్లినప్పుడు చూసేది ఎవరు, నెలనెలా మందుల ఖర్చు ఎంత అన్నవి పెద్దలే తేల్చుకోవాలి. "నేనే చూసుకుంటా" అన్న పిల్లల మాట మీద ఆధారపడి ఈ పని తలపెట్టకూడదు. నాయనమ్మ, తాతయ్య ఉన్న ఇంట్లో వారి ఇష్టాన్ని కూడా అడగాలి. పూజగదిలోకి, వంటగదిలోకి కుక్క రాకూడదని వారు కోరితే ఆ హద్దును మొదటి రోజు నుంచే అందరూ పాటించాలి, ఎందుకంటే ఒకరు రానిచ్చి మరొకరు అదిలిస్తే కుక్కపిల్లకు ఏదీ అర్థం కాదు. అద్దె ఇల్లయితే యజమానికి ముందే చెప్పండి. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను పూర్తిగా నిషేధించడానికి వీల్లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా పక్కింటివారితో ముందుగా ఒక మాట అనుకోవడం మంచిది.

ఇంట్లో పాకే వయసు బిడ్డ ఉంటే ఇంకో రెండేళ్లు ఆగమనే నా సలహా. కుక్కపిల్ల పాలపళ్లు సూదుల్లా ఉంటాయి, అది ఆటలో మీదికి దూకుతుంది, బిడ్డ దాని చెవులు పట్టి లాగుతుంది. ఆ ఇద్దరినీ క్షణం కూడా వదలకుండా కనిపెట్టి ఉండడం ఒక్క తల్లి వల్ల అయ్యే పని కాదు.

షెల్టర్‌లో ఏమి చూడాలి, ఏమి అడగాలి

మొదటిసారి పిల్లలను వెంట తీసుకెళ్లకండి. వారు చూసిన మొదటి కుక్కపిల్లనే కావాలని పట్టుబడతారు, మీరు కాదనలేరు. కుక్కపిల్లకు కనీసం ఎనిమిది వారాలు నిండి ఉండాలి. తల్లితో, తోబుట్టువులతో ఆడుకునే ఆ రోజుల్లోనే ఎంత గట్టిగా కొరికితే ఎదుటివారికి నొప్పి కలుగుతుందో అది నేర్చుకుంటుంది. నేల మీద కూర్చుని కాసేపు గమనించండి. మూలకు నక్కి బయటికే రానిదాన్నీ, అన్నింటినీ తోసేసి మీదికి ఎక్కేదాన్నీ పక్కన పెట్టి, నెమ్మదిగా వచ్చి వాసన చూసేదాన్ని, గిన్నె కింద పడిన చప్పుడుకు ఉలిక్కిపడినా వెంటనే తేరుకునేదాన్ని ఎంచుకోండి.

టీకాల కార్డు, నులిపురుగుల మందు వేసిన తేదీ, ఈ మధ్య వాంతులు, విరేచనాలు అయ్యాయా, దాని తోబుట్టువులు ఎలా ఉన్నాయి అన్నవి తప్పక అడగండి. పార్వో వైరస్ కుక్కపిల్లలను రోజుల వ్యవధిలో చంపేస్తుంది, నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. షెల్టర్ వారు ఒప్పంద పత్రం మీద సంతకం అడిగినా, మీ ఇల్లు చూడాలన్నా నొచ్చుకోకండి. అలా అడిగేవారే జంతువు బాగు కోరేవారు.

హైదరాబాద్‌లోని షెల్టర్ నుంచి తెచ్చుకునేవారు దాదాపు 145 కిలోమీటర్ల ప్రయాణానికి సిద్ధపడాలి. తెల్లవారుజామున బయలుదేరండి, అంతకు రెండు మూడు గంటల ముందు నుంచి మేత పెట్టకండి, పాత దుప్పటి పరిచిన బుట్టలో కూర్చోబెట్టండి. టీకాలు పూర్తికాని కుక్కపిల్లను జనగామలో టీ తాగడానికి ఆగినప్పుడు రోడ్డు పక్కన నేల మీద దింపవద్దు.

మొదటి వారం

పండుగ, పెళ్లి, దీపావళి టపాసుల సమయంలో తేకండి. చుట్టాలు, చప్పుళ్లు లేని వారాంతం చూసుకోండి. మనుషుల రాకపోకలు తక్కువగా ఉన్న మూలలో గోనెసంచి మీద పాత దుప్పటి పరిచి, నీళ్ల గిన్నె పెట్టి, ఆ చోటు పూర్తిగా దానిదేనని పిల్లలకు చెప్పండి. ఈ వయసు కుక్కపిల్ల రోజుకు 18 నుంచి 20 గంటలు నిద్రపోతుంది. నిద్ర చాలకపోతే చిరాకుపడి కొరుకుతుంది. మొదటి రోజు బంధువుల పిల్లలను, వీధి పిల్లలను పిలిచి చూపించవద్దు.

నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆట ముగియగానే, ఇవి కాక పగలు రెండు గంటలకోసారి వాకిట్లో ఒకే చోటికి తీసుకెళ్లండి. అక్కడ మూత్రం పోస్తే మెచ్చుకోండి. ఇంట్లో పోస్తే కొట్టకుండా తుడిచేయండి, కొడితే అది మీకు కనబడకుండా పోయడమే నేర్చుకుంటుంది. షెల్టర్‌లో పెట్టిన తిండినే కొన్నాళ్లు కొనసాగించి నెమ్మదిగా మార్చండి. ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన కూరలు, పాయసంలోని కిస్మిస్, చాక్లెట్ కుక్కలకు విషం. ఉడికిన కోడి ఎముకలు పేగులను చీలుస్తాయి. పిల్లల చేతుల్లోంచి జారిపడేవి ఇవే కాబట్టి పిల్లలు తినేంతసేపు కుక్కపిల్లను వేరే గదిలో ఉంచడం మేలు. పెరట్లో గన్నేరు చెట్టు ఉంటే దాని రాలిన ఆకులను కూడా అందనివ్వకండి.

పిల్లలకు నేర్పవలసినవి

పదేళ్ల లోపు పిల్లలను కుక్కపిల్లతో ఒంటరిగా వదలకూడదు. కేకేస్తే వినబడే దూరంలో ఉండడం చాలదు, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో పెద్దవారు ఉండాలి. బాగా తెలిసిన కుక్క కూడా చిన్నపిల్లలను కరవవచ్చు.

కుక్కపిల్ల తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోకూడదు. దాన్ని పిల్లలు ఎత్తుకోకూడదు. నేల మీద కూర్చుంటే అదే ఒడిలోకి వస్తుంది. తల మీద చెయ్యి పెట్టబోతే బెదురుతుంది, అందుకని ఛాతీ మీద, వీపు మీద నిమరాలి. ముఖానికి ముఖం ఆనించి ముద్దు పెట్టకూడదు. అది వెంటపడి కొరుకుతుంటే అరుస్తూ పరుగెత్తకుండా, చేతులు కట్టుకుని చెట్టులా కదలకుండా నిలబడాలి. ఇది వీధి కుక్కల విషయంలోనూ ప్రాణం కాపాడే పాఠం కాబట్టి ఇంట్లో ఆటగా పదేపదే చేయించండి.

కుక్క ముందుగా చెప్పకుండా కరవడం అరుదు. ఆకలి లేకుండా మూతి నాకుకోవడం, నిద్ర రాకుండా ఆవలించడం, ముఖం తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, ఒళ్లు బిగబట్టడం, ఇవన్నీ "నన్ను వదిలేయండి" అని అది అడుగుతున్న తీరు. చివరికి గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొట్టకండి. హెచ్చరిక మానిపించారంటే నేరుగా కరవడం నేర్పినట్టే. పిల్లలను పక్కకు తీసుకుని, దానికి ఏది నచ్చలేదో చూడండి.

గాటు పడితే

మూడు నుంచి ఆరు నెలల మధ్య పళ్లు మారేటప్పుడు కుక్కపిల్ల దొరికిందల్లా కొరుకుతుంది, పిల్లల చేతులకు గీతలు పడతాయి. ఇక్కడ ఇంటి వాతావరణమే పిల్లల ప్రాణాలకు రక్ష. "కుక్క జోలికి ఎందుకు వెళ్లావు" అని తిడితే పిల్లలు గాటును దాచేస్తారు, కుక్కను పంపించేస్తారేమోనన్న భయంతోనూ దాస్తారు. చెప్పినందుకు తిట్టమని, కుక్కను పంపించబోమని ముందే మాట ఇవ్వండి. కుక్క గాటుతో సోకే రేబీస్ (పిచ్చికుక్క జబ్బు) లక్షణాలు కనిపించాక బతకడం దాదాపు అసాధ్యం. సకాలంలో టీకా పడితే మాత్రం ఆ జబ్బును ఆపవచ్చు.

గాటు గానీ గీత గానీ పడితే కుళాయి నీటి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు, కట్టు కట్టకూడదు. అదే రోజు వైద్యుడికి చూపించండి. వరంగల్ ఎంజీఎం వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితంగా వేస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న పాత భయం ఇంకా కొందరిలో ఉంది. ఇప్పుడు భుజానికి నాలుగైదు మోతాదులు వేస్తారు. రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు, అది పనిచేసేలోగా వైరస్‌ను అడ్డుకునే ఇమ్యూనోగ్లోబులిన్ మందు కూడా అవసరం. ఇంట్లో కుక్క ఉన్నప్పుడు పిల్లలకు ముందుగానే ఈ టీకా వేయించాలా అని పిల్లల వైద్యుణ్ని అడగండి.

టీకాలు, ఎండాకాలం, ఆపరేషన్

ఇంటికి తెచ్చిన రెండు మూడు రోజుల్లోనే పశువైద్యుడికి చూపించండి. పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బుల టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి పడతాయి. రేబీస్ టీకా మూడు నెలలకు వేయించి, తర్వాత వైద్యుడు చెప్పిన తేదీకి మళ్లీ వేయించాలి. నులిపురుగుల మందు మానవద్దు, కుక్క పేగుల్లోని ఏలికపాముల గుడ్లు మట్టిలో ఆడే పిల్లల కడుపులోకీ చేరతాయి. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో నడిపించకుండా, చేతుల్లో ఎత్తుకుని ఆటోలు, జనం, గుడిగంటలు చూపించి అలవాటు చేయండి, ఎందుకంటే భయం లేకుండా లోకాన్ని నేర్చుకునే వయసు మూడున్నర నెలలకే ముగిసిపోతుంది.

వేసవిలో 44 డిగ్రీలు దాటే రోజుల్లో సిమెంటు గచ్చు, తారురోడ్డు అరికాళ్లను కాల్చేస్తాయి. అరచేతి వెనక భాగాన్ని నేలకు ఆనించి చూడండి, ఐదు సెకన్లు ఓర్చుకోలేకపోతే కుక్కను బయటికి తీసుకెళ్లవద్దు. పిడుదులు ఎక్కువయ్యేదీ అప్పుడే, చెవుల లోపల, వేళ్ల మధ్య రోజూ చూడాలి. ఆరు నెలలు వచ్చేసరికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి పశువైద్యుడితో మాట్లాడి, తేదీ ఖాయం చేసుకుని టీకాల కార్డు మీదే రాయించుకోండి.