కునుకుల షెడ్యూల్ కుదరట్లేదా? లెక్కలోకి రాని నిద్ర సంగతి ముందు చూడండి

ఇది ఎవ్రీమ్యాన్ పద్ధతిలో పడుకుంటున్నవాళ్ల కోసం. అంటే రాత్రి 9:30 నుంచి 1 గంట దాకా పెద్ద నిద్ర, ఆ తర్వాత తెల్లవారుజామున 4:30కి, ఉదయం 8:30కి, మధ్యాహ్నం 2:30కి ఇరవై నిమిషాల చొప్పున మూడు కునుకులు. పెద్ద నిద్రే లేకుండా నాలుగు గంటలకోసారి కునుకు తీసే ఊబర్‌మ్యాన్ జోలికి నేను వెళ్లను. రోజుకు రెండు గంటల నిద్రతో వచ్చే సమస్యలకు అసలైన రిపేరు ఆ షెడ్యూల్ మానేయడమే. మూర్ఛ, బైపోలార్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు, డ్రైవింగే ఉద్యోగమైనవాళ్లు ఇవేవీ మొదలుపెట్టవద్దు.

సమస్యల్లోకి వెళ్లేముందు ఒక మాట. "తల పనిచేయట్లేదు, షెడ్యూల్ మార్చమంటారా?" అని అడిగిన ప్రతివాళ్లనూ నేను ముందు నోట్‌బుక్ చూపించమంటాను. దాదాపు ఎవరి దగ్గరా ఉండదు. ఫోన్లో అలారం పెట్టుకోవడం లెక్క రాసుకోవడం కాదు. ఎప్పుడు పడుకున్నారు, నిజంగా ఎప్పుడు లేచారు, అలారం ఎవరు ఆపారు, టీ కాఫీలు ఎన్నింటికి తాగారు. ఈ నాలుగూ రాయకుండా షెడ్యూల్ మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎప్పటికీ తెలియదు.

కునుకులో నిద్ర పట్టడం లేదు

మొదటి వారంలో అయితే మామూలే. కళ్లు మూసుకుని ఇరవై నిమిషాలు పడుకుని లేచిపోండి. పట్టలేదు కదా అని ఇంకో అరగంట పొడిగించవద్దు. రెండో వారంలోనూ ఇదే ఉంటే టీ సంగతి చూడండి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పదకొండింటికి తాగిన ఫిల్టర్ కాఫీ 2:30 కునుకును సులువుగా చెడగొడుతుంది. గ్రీన్ టీలోనూ, కోలా డ్రింకుల్లోనూ కెఫీన్ ఉంటుంది. అలవాటు పడేదాకా అన్నీ పక్కన పెట్టండి.

కునుకు తర్వాత తల దిమ్ముగా ఉంటోంది, ఎక్కడున్నానో తెలియట్లేదు

గాఢ నిద్రలోంచి లేచారని అర్థం. నిద్ర బాకీ ఎక్కువగా ఉన్నప్పుడు ఒళ్లు మామూలు కన్నా త్వరగా గాఢ నిద్రలోకి జారిపోతుంది. కునుకు పదిహేను నిమిషాలకు తగ్గించండి. ఫోన్ గదిలో అవతలి మూలన పెట్టి, లేవగానే లైటు వేసి చన్నీళ్లతో ముఖం కడుక్కోండి. దిమ్ము సాధారణంగా అరగంటలో తగ్గుతుంది. ప్రతి కునుకుకూ ఇలాగే అవుతుంటే పెద్ద నిద్ర సరిపోవట్లేదు.

అన్నీ టైమ్ ప్రకారమే చేస్తున్నా, వారాలు గడిచినా అలవాటు కావట్లేదు

నన్ను ఎక్కువసార్లు ఏమార్చింది ఇదే. నోట్‌బుక్ శుభ్రంగా ఉంటుంది, టీ ఉండదు, అలారాలన్నీ మోగుతాయి. అయినా ఒకరోజు ఆరింటికి కారణం లేకుండా హుషారు, మర్నాడు అదే టైముకు మాట తడబడటం. 4:30 కునుకు ఒకరోజు పడుతుంది, ఒకరోజు పట్టదు.

ఇలాంటప్పుడు సాధారణంగా కారణం మీకు తెలియకుండా పట్టేస్తున్న నిద్రే. తెల్లవారుజామున మూడు నుంచి ఆరు దాకా ఒంటి ఉష్ణోగ్రత బాగా తగ్గి ఉంటుంది, ఒళ్లు నిద్రలోకి గట్టిగా లాగుతూ ఉంటుంది. హైవేల మీద పోలీసులు లారీలను ఆపి డ్రైవర్లతో ముఖం కడిగించేది ఈ వేళల్లోనే. అప్పుడు మీరు మంచం మీద దిండుకు ఆనుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే కునికిపాట్లు ఖాయం. కొన్ని సెకన్లు తూగుతారు, ఒక్కోసారి కళ్లు తెరిచే ఉంటాయి. అంత చిన్న నిద్ర గుర్తుండదు. నిద్ర పట్టే ముందు క్షణాలూ గుర్తుండవు. అందుకే "నేనసలు పడుకోలేదు" అని చెప్పే మనిషి అబద్ధం చెప్పట్లేదు. కానీ అలా అక్కడక్కడా కాస్త నిద్ర తీరిపోతే అసలు కునుకు వేళకు నిద్ర రాదు, ఒళ్లు ఏ టైముకూ అలవాటు పడదు.

పట్టుకోవడానికి ముందుగా ఇంట్లోవాళ్లను అడగండి. "ఐదింటికి కుర్చీలోనే గురక పెట్టావు కదరా" అని అమ్మ చెప్పే మాట మీ నోట్‌బుక్ కన్నా నిజం. తర్వాత ఫోన్ పదిహేను నిమిషాలకోసారి వైబ్రేట్ అయ్యేలా పెట్టి, అయిన ప్రతిసారీ కాగితం మీద ఒక టిక్కు కొట్టండి. టిక్కు లేని చోట నిద్ర ఉంది. కూర్చుని చేసే పని తప్పదంటే చేతిలో ఖాళీ స్టీలు గ్లాసు పట్టుకోండి, కునుకు పడితే వేళ్లు వదులై గ్లాసు కింద పడుతుంది. చదివిన పేరానే మళ్లీ చదవడం, రాత గీత దాటి కిందికి జారడం, మెసేజ్‌లో ఒకే అక్షరం వరసగా పడి ఉండటం కూడా గుర్తులే.

దొరికాక చేయాల్సింది: మూడు నుంచి ఆరు దాకా మంచం ఎక్కవద్దు, కూర్చుని వీడియోలు చూడవద్దు. చదువు, కోడింగ్ లాంటివి వేరే వేళకు మార్చి, అంట్లు తోమడం, ఇస్త్రీ చేయడం లాంటి నిలబడి చేసే పనులు ఇక్కడ పెట్టుకోండి. లైట్లన్నీ వేసి ఉంచండి. టిక్కులు రోజూ ఒకే టైములో పోతుంటే పోట్లాడవద్దు, కునుకునే అక్కడికి జరపండి. 3:45కి పోతుంటే 4:30 కునుకు 3:40కి వస్తుంది. వారం చూశాక కూడా టిక్కులు పోతుంటే పెద్ద నిద్రను గంటన్నర పెంచి 2:30కి లేవండి. అప్పుడు తెల్లవారుజాము కునుకు అవసరం ఉండదు.

టిక్కులన్నీ పడేదాకా బండి నడపవద్దు. దీంట్లో బేరం లేదు.

"ఇప్పుడు మత్తు అనిపించట్లేదు, అలవాటైపోయింది" అన్న మాటనూ నమ్మకండి. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు వారాలు రోజుకు ఆరు గంటలు, అంతకన్నా తక్కువ పడుకున్నవాళ్ల చురుకుదనం, ఒకటి రెండు రాత్రులు పూర్తిగా మేల్కొన్నవాళ్ల స్థాయికి పడిపోయింది. తాము అంతగా మందగించామని వాళ్లకు పెద్దగా తెలియనే లేదు. అందుకే టిక్కులు చూడండి.

మిగతావి

మత్తుకు థైరాయిడ్, రక్తహీనత కూడా కారణం కావచ్చు, ఒకసారి రక్త పరీక్ష చేయిస్తే తేలిపోతుంది. గట్టిగా గురక పెడుతూ, ఎనిమిది గంటలు పడుకున్న రోజుల్లో కూడా మత్తుగా ఉండేవాళ్లు షెడ్యూల్ ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పరుపు మార్చాలా, తల ఏ దిక్కున పెట్టాలి అన్న ప్రశ్నలకు దీంతో సంబంధం లేదు.

ఎప్పుడు ఆపాలి

నెల దాటినా తెల్లవారుజామున టిక్కులు పోతుంటే ఆపేయండి. 2021లో అమెరికా నేషనల్ స్లీప్ ఫౌండేషన్ నిపుణుల బృందం ఇలాంటి షెడ్యూళ్ల మీద వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించింది. లాభం ఉన్నట్టు ఆధారం లేదంది, వీటిని సిఫారసు చేయలేదు. మీ ఒళ్లు కూడా అదే చెబుతుంటే వినండి. రెండు మూడు రాత్రులు అలారం లేకుండా నిద్ర తీరేదాకా పడుకోండి. తర్వాత రాత్రి పదింటికి పూర్తి నిద్రకు వచ్చేయండి. మధ్యాహ్నం 2:30 కునుకు మాత్రం ఉంచుకోవచ్చు, రాత్రి నిద్రకు అడ్డం రానంతవరకు.