పెద్దవాళ్లకు జీనోమిక్స్ చెప్పాలా? చింతపిక్కలు తెచ్చుకోండి

మొదటిసారి ఈ పాఠం చెప్పినప్పుడు మెలితిరిగిన నిచ్చెనలాంటి డీఎన్‌ఏ బొమ్మతో మొదలుపెట్టాను. ఎదురుగా ముప్పై మంది ఆశా కార్యకర్తలు, మధ్యాహ్నం భోజనాలు అయిపోయాయి, ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. డీఎన్‌ఏ పూర్తి పేరు బోర్డు మీద రాయడం అయ్యేసరికి వెనక వరుస కునికిపాట్లు పడుతోంది. తప్పు వాళ్లది కాదు. నలభై ఏళ్లు దాటినవాళ్లు పరీక్ష రాయడానికి రారు, తమ ఇంట్లోనో ఊళ్లోనో ఉన్న ఏదో ఒక సంగతి తేల్చుకోవడానికి వస్తారు. అందుకే అక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

మనవాళ్లకు బాగా తెలిసిన సంగతి చుట్టరికం. బోర్డు మీద ఒక కుటుంబం గీయండి. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, జబ్బు ఉన్నవాళ్లకు నిండుగా రంగు, దగ్గరి బంధువుల పెళ్లయితే మధ్యలో రెండు గీతలు. డాక్టర్లు వాడే గుర్తులు ఇవే. 'ఈ పిల్ల మేనమామను చేసుకుంది, అతని అక్క కొడుక్కి రక్తం ఎక్కిస్తున్నారు' అంటే చాలు, ఎవరు ఎవరికి ఏమవుతారో క్లాసులోని ఆడవాళ్లు మీకంటే ముందే చెప్పేస్తారు.

అయితే ఒక జాగ్రత్త, ఇది దెబ్బ తిని నేర్చుకున్నది. ఎవరి సొంత కుటుంబాన్నీ అందరి ముందు గీయించకండి. ఒకసారి సరదాగా ఉంటుందని గీయించాను. ఒకావిడ మూడు వృత్తాలు గీసి, రెండింటి మీద అడ్డగీత కొట్టి, కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. అడ్డగీత అంటే చనిపోయారని గుర్తు, అది నేర్పింది నేనే. అప్పటి నుంచి కల్పించిన కుటుంబాన్నే వాడుతున్నాను, ఇంటిపేరు కూడా ఆ ఊళ్లో లేనిది చూసి పెడతాను.

తర్వాత జీనోమ్ అంటే ఏంటో చెప్పాలి. దీనికి మన లిపిని మించిన సాధనం నాకు దొరకలేదు. బోర్డు మీద 'మందు' అని రాసి ఒక్క కొమ్ము తగిలించండి, 'ముందు' అవుతుంది, అర్థమే మారిపోయింది. ఇప్పుడు 'వెళ్ళాడు', 'వెళ్లాడు' రెండూ రాయండి. రాత వేరు, అర్థం ఒకటే. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ మీద ఇలాంటి రాత ఉంటుంది, ఆ రాత మొత్తమే జీనోమ్. ఒక వరుస సుమారు 300 కోట్ల అక్షరాలు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఏ ఇద్దరి రాతలు పోల్చినా వెయ్యి అక్షరాలకు ఒకటి చొప్పున తేడా కనిపిస్తుంది, వాటిలో చాలావరకు 'వెళ్ళాడు', 'వెళ్లాడు' లాంటివే. కొన్ని మాత్రం 'మందు', 'ముందు' లాంటివి. సికిల్ సెల్ జబ్బు అచ్చంగా అదే: హిమోగ్లోబిన్ తయారీ రాతలో ఒకే ఒక్క అక్షరం మారుతుంది, దాంతో గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది, అందుకే ఆ ప్రాణం తోడేసే నొప్పులు.

ఇక చింతపిక్కలు. చిన్నప్పుడు ఒకవైపు అరగదీసి ఆడుకున్నవే, ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు. జబ్బు లేకుండా మారిన రాతను మోసేవాళ్లను క్యారియర్ అంటాం కదా, ఆ పిక్కే క్యారియర్: నలుపు మామూలు రాత, తెలుపు మారిన రాత. అమ్మకొకటి, నాన్నకొకటి ఇచ్చి ఇద్దరినీ ఒకేసారి వేయమనండి. రెండూ తెలుపు పడితే బిడ్డకు జబ్బు, ఒకటే తెలుపైతే బిడ్డ కూడా క్యారియర్, రెండూ నలుపైతే ఏమీ లేదు. ఒక్కో జంట నాలుగుసార్లు వేసి రాసుకోవాలి. (పిక్క రెండువైపులా సమానంగా పడదు, లెక్క కచ్చితంగా కావాలంటే రూపాయి బిళ్లలు వాడండి. కానీ పిక్కలతో వచ్చే సందడి బిళ్లలతో రాదు.)

ఈ ఆటకు తొందరపడకుండా సమయం ఇవ్వండి, అసలు పాఠం ఇక్కడే ఉంది. 'నలుగురిలో ఒకరికి' అని నోటితో చెబితే చాలామంది ఇలా అర్థం చేసుకుంటారు: మొదటి బిడ్డకు వచ్చేసింది, ఇక ముగ్గురికి భయం లేదు. ఆట ఆడాక ఒక జంటకు నాలుగింట్లో ఒక్కసారి కూడా రెండూ తెలుపు పడవు, ఇంకో జంటకు రెండుసార్లు పడతాయి, అప్పుడు ఎవరో ఒకరు తామంతట తామే అంటారు, 'అంటే ప్రతి కాన్పుకీ మళ్లీ మొదటి నుంచేనా సార్' అని. అవును, ప్రతిసారీ పాతిక శాతమే. ఇంకో మాట కూడా అప్పుడే చెప్పేయండి: రెండు పిక్కలూ తెల్లగా పడితేనే జబ్బు, కాబట్టి కోడలిని మాత్రమే తిట్టడం కుదరదు. ఇలాంటి జబ్బులో సగం అటువైపు నుంచి వచ్చిందే.

మేనరికం సంగతి వస్తుంది, తప్పదు. 'మా అమ్మమ్మది మేనరికమే, అందరం రాయిలా ఉన్నాం' అని ఒకరు లేస్తారు. వాదించకండి, ఆవిడ చెప్పింది నిజమే. ఏ జంటకైనా వందమంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక లోపం ఉండొచ్చు, బావామరదళ్ల పెళ్లిళ్లలో అది సుమారు రెట్టింపవుతుంది. అంటే ఎక్కువమంది పిల్లలు బాగానే పుడతారు, ప్రమాదం మాత్రం పెరుగుతుంది. బావామరదళ్ల మధ్య రాత ఎనిమిదో వంతు కలుస్తుంది, మేనమామ మేనకోడలు అయితే నాలుగో వంతు. ఒకే మారిన రాత ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం ఎందుకు పెరుగుతుందో ఇందాక గీసిన కుటుంబంలోనే చూపించవచ్చు. పెళ్లైపోయినవాళ్లను భయపెట్టి లాభం లేదు, వాళ్లకు కావాల్సింది ఏ పరీక్ష, ఎప్పుడు అన్నదే.

ఆ పరీక్షల్లో పొరపాటు జరిగేది సాధారణంగా సికిల్ సెల్ దగ్గర. పీహెచ్‌సీలో వేలి చుక్కతో చేసే సాల్యుబిలిటీ టెస్టు పాజిటివ్ వస్తే ఆ మనిషికి జబ్బు ఉండొచ్చు, కేవలం క్యారియర్ కావొచ్చు, ఆ టెస్టు తేడా చెప్పలేదు. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష చేస్తేనే తేలుతుంది. ఈలోపు ఊళ్లో 'ఆ పిల్లకు రక్తం జబ్బట' అని పాకిపోతే పెళ్లి చెడిపోతుంది. కేంద్ర ప్రభుత్వ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023లో మొదలైంది, నలభై ఏళ్ల లోపువాళ్లను 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం. పాడేరు వైపో భద్రాచలం వైపో గిరిజన ప్రాంతాల్లో పనిచేసేవాళ్లయితే, పాజిటివ్ అంటే జబ్బనే కాదన్న ముక్క రెండుసార్లు చెప్పండి. హిమోగ్లోబిన్ సరిగా తయారవని తలసేమియాకు గర్భం మొదటి నెలల్లోనే హెచ్‌బీఏ2 (ఒక రకం హిమోగ్లోబిన్) ఎంత ఉందో చూడాలి, భార్య క్యారియర్ అని తేలితే వెంటనే భర్తకు చేయాలి.

జీనోమిక్స్ అంటే జబ్బులే కాదు, మందులు కూడా. మన దగ్గర మంచి ఉదాహరణ ఉంది. ఆపరేషన్ ముందు ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేయడానికి కండరాలు వదులు చేసే స్కోలిన్ అనే ఇంజెక్షన్ మామూలుగా కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది. దాన్ని కరిగించే ఎంజైమ్ తక్కువ ఉన్నవాళ్లకు గంటల తరబడి ఊపిరి తిరిగి రాదు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. ఈ లోపం ఆర్యవైశ్యుల్లో మిగతావాళ్లకంటే చాలా ఎక్కువని మత్తు డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు, కారణం ఎక్కడో పూర్వీకుల్లో వచ్చిన మార్పు తరతరాలుగా లోపలి పెళ్లిళ్లలోనే తిరగడం. ఇది చెప్పాక ఆ కులం మీద ముద్ర వేసినట్టు వదిలేయకండి, లోపలే పెళ్లిళ్లు చేసుకునే ఏ గుంపులోనైనా ఇలాంటివి కొన్ని ఉంటాయి. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా పాలుపంచుకున్న జీనోమ్ ఇండియా అనే ప్రాజెక్టు పదివేల మంది రాతలు చదివింది అందుకే. ఏజెన్సీలో మలేరియాకు ఇచ్చే ప్రిమాక్విన్ కూడా ఇలాంటిదే, ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు దాంతో ఎర్రకణాలు పగలొచ్చు, మూత్రం కాఫీ రంగులోకి వస్తే మాత్ర ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి.

డీఎన్‌ఏ కళ్లారా చూపిస్తే బాగుంటుందనుకుంటే చివర్లో చూపించండి. సగం అరటిపండు మెత్తగా పిసికి, ఉప్పు, నీళ్లు, రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి నురగ రాకుండా కలిపి పాత ధోవతి గుడ్డలో వడకట్టండి. ఐసులో పెట్టిన సర్జికల్ స్పిరిట్‌ను గాజు గ్లాసు అంచు వెంబడి మెల్లగా పోయాలి. రెండు మూడు నిమిషాలకు పైన తెల్లగా, ముక్కు చీదినట్టు తేలుతుంది, పుల్లతో చుట్టి తీయవచ్చు. దగ్గర్లో పొయ్యి లేకుండా చూసుకోండి.

క్లాసు అయ్యాక వెంటనే బస్సెక్కకండి, అరగంట ఉండండి. ఎవరో ఒకరు క్యారీబ్యాగులో రిపోర్టు పట్టుకుని పక్కకు వస్తారు. దాన్ని మీరు చదివి అర్థం చెప్పకండి. జీన్ రిపోర్టుల్లో ఒక్కోసారి 'అర్థం తేలని మార్పు' అని ఉంటుంది, అక్షరం స్పష్టంగానే ఉంది కానీ ఆ మాట ఏ యాసదో ఎవరికీ తెలియనట్టు, దాన్ని జబ్బు అనీ అనకూడదు, కాదనీ అనకూడదు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, అక్కడికి వెళ్లమనండి. వెళ్లేటప్పుడు పాత కాగితాలన్నీ, పోయిన బిడ్డల వివరాలతో సహా తీసుకెళ్లమని, వీలైతే భర్తను కూడా వెంటబెట్టుకెళ్లమని చెప్పండి.