ఒడియా బళ్లో చదివే పిల్లలకు సాయంత్రం తెలుగు చదువు: రిటైరైన బీఈడీ మాస్టార్లకు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగు ఇళ్లలో పిల్లలు గలగలా తెలుగు మాట్లాడతారు, బడి పుస్తకం ఒడియాలో గడగడా చదివేస్తారు. తెలుగు శుభలేఖ చేతికిస్తే మాత్రం అమ్మకిచ్చేస్తారు. ట్రైనింగ్ కాలేజీలో ఏళ్ల తరబడి బోధనా పద్ధతులు చెప్పి రిటైరై, ఊరికి ఏదైనా చేద్దామనుకునే మాస్టార్లకు ఇది చేతికందే పని. కాకపోతే అ, ఆ దగ్గర మొదలుపెట్టకండి. ఈ పిల్లలకు చదవడం వచ్చు. వర్ణమాల వరస ఒడియాలోనూ ఇదే, గుణింతం అంటే ఏమిటో తెలుసు. రానిది లిపి ఒక్కటే. పలకా బలపం ఇచ్చి దిద్దమంటే చిన్నతనంగా ఉంటుంది, రెండో వారం నుంచి రారు.

మూడో తరగతి దాటినవాళ్లనే తీసుకోండి. అంతకన్నా చిన్నవాళ్లకు ఒడియా అక్షరాలే ఇంకా కుదురుకోవు. ఒక్కరు చెప్పేటప్పుడు 12 మందికి మించొద్దు. వారానికి మూడు సాయంత్రాలు, పూటకు 45 నిమిషాలు. రామమందిరం వరండా అయినా, సంఘం హాలు అయినా సరే, దీపం వెలుతురు చాలాలి. జూలైలో మొదలుపెడితే దసరా సెలవులకు చదవడం పట్టుబడుతుంది.

మొదటి విడతకు ఈ పది: ర, గ, ప, న, ల, వ, మ, త, క, డ. వీటితోనే పలక, పడవ, కడవ, గడప, నడక, తల, వల, నగ వచ్చేస్తాయి. మొదటి రోజే మాట చదివిన పిల్లాడు మర్నాడు పిలవకుండా వస్తాడు. తర్వాత దీర్ఘం, గుడి, కొమ్ము. పు, వు దగ్గర ఒక పూట ఆగండి. వీటికి కొమ్ము మిగతా అక్షరాలకు లాగా పక్కన కాకుండా కింద నుంచి అంటుకుంటుంది. అది విడిగా చూపించకపోతే వు, మ కలిసిపోతాయి.

తప్పులు ఎక్కడ వస్తాయో ఒడియా తెలిసినవాళ్లు ముందే చెప్పగలరు. ఒడియా ఠ గుండ్రంగా మన సున్నలా ఉంటుంది, కాబట్టి ‘కలం’ చివర ఠ అని ఆగిపోతారు. ఒడియాలో ఏత్వం గుర్తు అక్షరానికి ఎడమ పక్కన ముందే పడుతుంది. మనది నెత్తిన ఉంటుంది. పిల్లాడి కన్ను మొదట్లో ఎడమ వైపే వెతుకుతుంది. ఒడియాలో య రాసినా చాలా మాటల్లో జ అని పలుకుతారు, అందుకే యాత్ర ‘జాత్ర’ అవుతుంది. శ, ష, స మూడూ వాళ్ల నోట స.

అన్నిటికన్నా మొండిది ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా. ఒడియా లిపిలో ఈ జంటలకు ఒక్కో అక్షరమే ఉంది. నియమం చెప్పి లాభం లేదు. నెల–నేల, మెడ–మేడ, దొర–దోర ఇలా జంటలుగా పలికించి, అర్థం అడిగి, అప్పుడు రాయించండి. ఇంటి తెలుగు చెవిలో ఉంది కాబట్టి పొరపాటు వాళ్లకే వినబడుతుంది.

వత్తులకు అంత భయం అక్కర్లేదు. ఒడియాలో రఫల, యఫల (ర వత్తు, య వత్తు) రాసే చెయ్యి అది. త, న, మ, య, ర, ల వత్తులు మాత్రం అక్షరం రూపంలో ఉండవు. అత్త, నాన్న, అమ్మ, అయ్య, చెల్లి అని ఇంటివాళ్లను పిలిపిస్తే ఆరింటిలో అయిదు అయిపోతాయి. ర వత్తుకు శ్రీకాకుళం బస్సు బోర్డు ఉంది. ఇచ్ఛాపురం, టెక్కలి, పాతపట్నం బోర్డులు కూడా రాసి పెట్టుకోండి. శుభలేఖలు చివరికి ఉంచండి, వాటిలో సమాసాలు పెద్దవాళ్లకే నోరు తిరగవు.

పిల్లలు చీరను ‘సీర’ అనీ, చెప్పును ‘సెప్పు’ అనీ రాస్తే ఎర్ర సిరా తీయకండి. అది వాళ్ల ఇంటి మాట. పుస్తకంలో ఎలా అచ్చేస్తారో పక్కన రాస్తే చాలు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు. సవర పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. ఒడియా రాని మాస్టారు ఈ పనికి దిగితే ముందు ఆ అక్షరాలు నేర్చుకోవాలి.

ఇక అసలు సంగతి: క్లాసు మీరు చెప్పకండి. మీకు జ్వరమొస్తే బడి ఆగిపోతుంది, మీ కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లిపోతే మూతపడుతుంది. తెలుగు చదవడం వచ్చిన ఇంటరో డిగ్రీయో చదివే అమ్మాయిలిద్దరిని పట్టుకుని, కాలేజీలో చేయించిన మైక్రో టీచింగే వాళ్లతో చేయించండి. ఒకే అంశం, అయిదుగురు పిల్లలు, 6 నిమిషాల పాఠం. తర్వాత పాఠం ఎలా ఉందో 6 నిమిషాలు మాట, 12 నిమిషాలు పాఠం సరిచేసుకోవడం, మళ్లీ 6 నిమిషాలు వేరే పిల్లలకు చెప్పడం, ఇంకో 6 నిమిషాలు మాట. మొత్తం 36 నిమిషాలు. కాలేజీలో దీన్ని రికార్డు నింపడానికి చేసేవాళ్లే ఎక్కువ, ఇక్కడ నిజంగానే పనికొస్తుంది.

ఇది చెడేది మాస్టారి వల్లే. పాఠం మధ్యలో లేచి చాక్‌పీసు తీసుకుంటారు, లేదంటే చివర పది తప్పులు ఏకరువు పెడతారు, మరుసటి వారం ఆ అమ్మాయికి ఇంట్లో పని పడుతుంది. వెనక కూర్చోండి. బాగున్నది ఒకటి, మార్చుకోవలసింది ఒకటి, అంతే చెప్పండి. ఏ పిల్లాడు ఏ అక్షరం దగ్గర ఆగాడో నోటుబుక్కులో తేదీ వేసి ఆ అమ్మాయి చేతే రాయించండి. ఆమె పరీక్షలకు వెళ్లినప్పుడు రెండో అమ్మాయి ఆ పేజీ చూసి మొదలుపెడుతుంది.