అల్లుడుగారు వీగన్ అయితే పండగ వంట ఎలా చేయాలి?

సంక్రాంతికి కొత్త అల్లుడికి వందల రకాలు వడ్డించి పేపర్లో ఫొటో వేయించుకునే జిల్లాలు మనవి. అలాంటిది, పండగ పది రోజులుందనగా మా అమ్మాయి ఫోన్ చేసి "అమ్మా, ఆయన పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేశారు" అంది. చేపలు, కోడి ఎప్పుడో మానేశారని తెలుసు. వాటి గురించి టెన్షన్ లేదు, కార్తీకమాసం నెలంతా మేమూ ముట్టం. కానీ కోనసీమలో అల్లుడికి నెయ్యి చుక్క లేకుండా అన్నం పెట్టడమా?

మూడు సంక్రాంతులు గడిచాయి. ఇప్పుడు ఎవరైనా అడిగితే ధైర్యంగా చెబుతాను. కొత్తగా నేర్చుకున్న వంట కొంచెమే. నెయ్యి గిన్నె మీదికి తనంతట తానే వెళ్లిపోయే చేతిని ఆపుకోవడానికే నాకు ఎక్కువ రోజులు పట్టింది.

ముందు అడిగి రాసుకోండి

వీగన్ అనే మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. జంతువుల నుంచి వచ్చేది ఏదీ తినకపోవడం దాని అర్థం. మాంసం, చేప, గుడ్డుతో పాటు పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, మీగడ, కోవా, పన్నీరు, జున్ను, చివరికి తేనె కూడా ఉండకూడదు. బెల్లం, పంచదార, కొబ్బరి, ఏ గింజల నూనె అయినా ఫరవాలేదు.

చేపలు వేయించిన నూనెలో గారెలు వేయవచ్చా, ఒకే గరిట వాడవచ్చా అన్నవి కూడా అడగండి. ఒక్కొక్కరి పట్టింపు ఒక్కోలా ఉంటుంది. మా అల్లుడుగారు ఆ నూనె వద్దన్నారు. మడి వంట చూసి పెరిగినవాళ్లకి ఇదేం కొత్త? ఒక మూకుడు, రెండు గరిటలు, ఒక తాలింపు గిన్నె విడిగా పెట్టేశాను, అంతే.

దాక్కున్న పాలను పట్టుకోండి

అసలు చిక్కు ఇక్కడే. మొదటి ఏడాది పప్పు, పులుసు, వేపుడు అన్నీ నూనెతోనే చేసి, పక్కన వేయించిన మిరపకాయలు వడ్డించాను. ఒకటి కొరికి, "అత్తయ్యగారూ, ఇవి చల్ల మిరపకాయలా?" అన్నారు. మజ్జిగలో నానబెట్టి ఎండబెట్టినవి కాబట్టే వాటిని చల్ల మిరపకాయలంటాం. పేరు పలుకుతూనే వడ్డించాను, నాకు తట్టలేదు! "అయ్యో బాబూ" అని నేను అంటుంటే, ఆయన నవ్వేసి ఆ మిరపకాయ పక్కన పెట్టారు.

ఆ రోజు నుంచి ఒక్కో వంటా మొదటి నుంచి చివరిదాకా మనసులో చేసి చూసుకోవడం మొదలుపెట్టాను. అరటికాయ, అరటిపువ్వు, అరటిదూట ముక్కలు నల్లబడకుండా పలుచటి మజ్జిగలో వేస్తాం. దాని బదులు చింతపండు పిసికిన నీళ్లు చాలు. బియ్యపు పిండి వడియాల్లో పులుపు కోసం కొందరు మజ్జిగ పోస్తారు. పప్పు తాలింపు నేతిలో పెడతాం. ఉప్మా దించాక చెంచాడు నెయ్యి వేస్తాం. ఉలవచారు మీద మీగడ వేసేది మనమే, ఉలవలకి దాని సంగతే తెలియదు.

మన వైపు ఇంకో అలవాటు ఉంది. బీరకాయలో, వంకాయలో, తోటకూరలో రుచికని గుప్పెడు ఎండు రొయ్యలు వేసేస్తాం. పనిమనిషికో ఆడపడుచుకో కూర అప్పజెప్పేటప్పుడు ఈ మాట ముందే చెప్పాలి.

ఉన్నవాటిలో మంచివి ఎంచుకోండి

కంద బచ్చలి, ముక్కల పులుసు, గుమ్మడికాయ పులుసు, పులిహోర, కొబ్బరి పచ్చడి, గోంగూర, పెసరట్టు, పనసాకు బుట్టల్లో ఉడికే పొట్టిక్కలు, చెరకు పానకంతో దిబ్బరొట్టె. వీటిలో పాలచుక్క అక్కర్లేదు. వేడన్నంలో కందిపొడి, ఆవకాయ కలిపేటప్పుడు నెయ్యికి బదులు పప్పునూనె, అంటే నువ్వుల నూనె, వేయండి. గానుగ నూనె దొరికితే ఇంకా మంచిది. నిజం చెప్పాలంటే ఆవకాయకి నాకు ఇప్పుడు ఇదే నచ్చుతోంది.

వీటన్నిటిలో అల్లుడికి పెట్టదగ్గ కూర ఒకటి చెప్పమంటే పనసపొట్టు ఆవ పెట్టిన కూర అంటాను. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కదా, పులస తిననివాళ్ల కోసం ఆ సామెతలో పనసపొట్టు పెట్టేయొచ్చు. లేత పనసకాయ కొట్టిన పొట్టు తెచ్చి, ఉప్పు, పసుపు వేసి మెత్తబడేదాకా ఉడికించి, నీళ్లు గట్టిగా పిండేయండి. ఇక్కడ బద్ధకిస్తే కూర ముద్దవుతుంది. మూకుట్లో నూనె కాస్త ధారాళంగా పోసి శెనగపప్పు, మినపప్పు, జీడిపప్పు, ఎండుమిర్చి, ఆవాలు, ఇంగువ, పచ్చిమిర్చి, కరివేపాకు వేయించి, కొంచెం చిక్కటి చింతపండు పులుసు పోసి దగ్గరపడ్డాక పొట్టు కలపండి. పొడిపొడిగా అయ్యాక దించి చల్లారనివ్వండి. రెండు చెంచాల ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, ఉప్పు, కొద్దిగా నీళ్లతో మెత్తగా నూరి, చెంచాడు పచ్చి నూనె కలిపి అప్పుడు పట్టించండి. పొయ్యి మీద ఉండగా ఆవ వేస్తే చేదు తగులుతుంది. పొద్దున చేసింది మధ్యాహ్నానికి ఘాటెక్కి ఇంకా బాగుంటుంది.

కొబ్బరిపాలు

ఒక కొబ్బరికాయ తురిమి, గ్లాసు గోరువెచ్చటి నీళ్లతో రుబ్బి గుడ్డలో పిండితే చిక్కటి పాలు వస్తాయి. ఆ పిప్పిలోనే మరో గ్లాసున్నర నీళ్లు పోసి మళ్లీ పిండితే పలుచటి పాలు. రెండూ వేరువేరుగా ఉంచాలి. పరమాన్నానికి అర గ్లాసు బియ్యం, పిడికెడు పెసరపప్పు పలుచటి పాలలో, కావాలంటే ఇంకాస్త నీళ్లు పోసి, మెత్తగా ఉడికించండి. గ్లాసు బెల్లం విడిగా కరిగించి వడకట్టి కలపండి. దించాక చివర్లో చిక్కటి పాలు, ఏలకుల పొడి. చిక్కటి పాలు పోశాక మరిగిస్తే విరిగినట్టవుతాయి. జీడిపప్పు పొడిగానే దోరగా వేయించి వేయండి.

పెరుగు సంగతి

చివర్లో పెరుగన్నం తినకపోతే మనకి భోజనం అయినట్టుండదు. మొదటి ఏడాది ఆయన చారన్నంతో లేచిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. కొబ్బరిపాలు తోడు పెట్టి చూశాను. తేట ఒకవైపు, మీగడ ఒకవైపు విడిపోయింది. వేరుశెనగలతో కుదిరింది.

గ్లాసు వేరుశెనగ గుళ్లు రాత్రంతా నానబెట్టి పొట్టు తీయండి. మూడు గ్లాసుల నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ మెత్తగా రుబ్బి, పల్చటి గుడ్డలో వడకట్టండి. ఈ పాలను సన్నటి సెగ మీద కలుపుతూనే కాచాలి. చేయి ఆపితే అడుగంటుతాయి. పొంగు వచ్చి పచ్చివాసన పోయాక దించి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా ఆగండి. ఇక తోడు. మామూలు పెరుగు చుక్క వేస్తే చేసినదంతా వృథా. అందుకని నాలుగైదు పచ్చిమిరపకాయల తొడిమలు అందులో ముంచి మూతపెట్టి, ఎనిమిది నుంచి పది గంటలు కదపకుండా ఉంచండి. చలికాలం అయితే ఇంకాస్త పడుతుంది. తొడిమలు తీసేయండి.

మొదటిసారి వదులుగానే తోడుకుంటుంది, నిరుత్సాహపడకండి. అందులోంచి రెండు చెంచాలు దాచి రెండోసారికి తోడు వేస్తే గట్టిగా వస్తుంది. వాసన కొంచెం వేరుశెనగదే. కాబట్టి ఉప్పు, అల్లం, కరివేపాకు తాలింపుతో దద్దోజనంగా చేసినా, శెనగపిండి కలిపి మజ్జిగ పులుసు పెట్టినా, ఆవడలు వేసినా బాగుంటుంది. ఉత్త పెరుగుగా మాత్రం నేను తినలేను.

తీపి, బజారు సరుకు

పాకుండలు, నువ్వుల ఉండలు, కొబ్బరి ఉండలు ఇబ్బంది లేనివి. అరిసెల పాకంలో వేసే నెయ్యికి బదులు పప్పునూనె వేస్తే తేడా తెలియదు. సున్నుండలు మానేశాను, నెయ్యి లేకుండా ఉండ కట్టదు, కట్టినా అవి సున్నుండలు కావు. ఆత్రేయపురం పూతరేకులదీ ఇదే గతి. ఉత్త రేకులు తెచ్చి, తడిగుడ్డ అద్ది, బెల్లం పొడి, జీడిపప్పు చల్లి మడిచి పెట్టాను. ఆయన బాగుందన్నారు కానీ, ఆయ్, మర్యాదకి అన్నారని నాకు తెలుసు.

కొట్లో కాజా నూనెలో వేయించిందే అంటారు. ఒకచోట అలాగే నమ్మి కొన్నాక తెలిసింది, పిండిలో నెయ్యి కలుపుతారట. పిండిలో ఏం వేశారో కూడా అడగండి. ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క శాకాహారమని మాత్రమే చెబుతుంది, పాలు ఉన్నా ఆ చుక్కే ఉంటుంది. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం వీగన్ సరుకుకి ఇంగ్లీషు ‘వి’ అక్షరం మీద చిన్న ఆకు ఉన్న వేరే గుర్తు ఉంది. అది కనబడకపోతే వెనక సన్న అక్షరాల్లో పాలపొడి, వెన్న లాంటివి ఉన్నాయేమో చదవాలి.

పప్పులు, వేరుశెనగలు, నువ్వులు, ఆకుకూరలు రోజూ ఉంటే ఒంటికి బలం గురించి మరీ బెంగ అక్కర్లేదు. బి12 విటమిన్ మాత్రం మొక్కల తిండితో రాదు. డాక్టరుని అడిగి మాత్రలు వేసుకోవాలి. ఈ మాట నేను అల్లుడుగారితో అనలేక అమ్మాయితో అనిపించాను.

తిరుగు ప్రయాణానికి

కందిపొడి, బెల్లం ఆవకాయ, పాకుండలు, నాలుగు కొబ్బరికాయలు మామూలుగా కట్టిచ్చేవే. వీటితో పాటు, అక్కడ తోడు వేసుకోవడానికి చిన్న స్టీలు డబ్బాలో కాస్త వేరుశెనగ పెరుగు ఇవ్వండి. బయల్దేరే ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, మూత చుట్టూ గుడ్డ కట్టి, సంచిలో నిలువుగా సర్దండి. దారిలో పులిసి కాస్త పొంగుతుంది కాబట్టి డబ్బా నిండా పోయకండి.