ఫీడర్‌తో పాటు ఒక బకెట్ కూడా కొనండి

పక్కింటి పెరట్లో మంచు మీద ఎర్రటి కార్డినల్ పిట్టని చూడగానే మీకూ పిట్టలకి మేత వేలాడదీసే ఫీడర్ పెట్టాలనిపిస్తుంది. పెట్టండి. మేత విషయం తేలిక. నల్లటి చిన్న పొద్దుతిరుగుడు గింజలుంటాయి, సంచి మీద 'బ్లాక్ ఆయిల్' అని రాసి ఉంటుంది, అవి చాలు. పొట్టు పలచన, నూనె ఎక్కువ. చవగ్గా దొరికే కలగలుపు సంచుల్లో ఎర్రజొన్నలు, గోధుమలే సగం. ఫీడర్ దగ్గరికొచ్చే చిన్న పిట్టలు వాటిని ఏరి కింద పారేస్తాయి. అవి కుళ్ళితే ఎలుకలు. వడ్రంగి పిట్టల కోసం అమ్మే సూయెట్ గొడ్డు కొవ్వు. మనసొప్పకపోతే ఉప్పు లేని వేరుసెనగలు పెట్టండి, వాటికీ వస్తాయి. మిగిలిన అన్నం, బ్రెడ్డు మాత్రం వద్దు.

ఇక అసలు సంగతి, ఎవరూ వినిపించుకోనిది: కడగడం. గొట్టం ఫీడర్‌లో అడుగున అంగుళం మేర గింజలు తడిసి గడ్డకడతాయి. దాని మీదే కొత్తవి పోస్తారు. పైనుంచి చూస్తే నిండుగా, శుభ్రంగానే ఉంటుంది బాబూ, బూజంతా కిందే! 2021లో అమెరికాలో పైన్ సిస్కిన్ పిట్టల నుంచి సాల్మొనెల్లా అనే కడుపు జబ్బు క్రిమి మనుషులకీ అంటింది. కాబట్టి రెండు వారాలకోసారి, తడి రోజుల్లో వారానికోసారి, విడదీసి ముందు సబ్బుతో రుద్దండి. మురికి మీద బ్లీచ్ పనిచేయదు. తర్వాత ఒక పాలు బ్లీచ్, తొమ్మిది పాళ్ళు నీళ్ళు కలిపి పది నిమిషాలు నానబెట్టండి. బాగా కడిగి, పూర్తిగా ఆరాకే గింజలు పోయండి. చేతికి తొడుగులు, విడిగా ఒక బకెట్. వంటింటి సింకులో కాదు, దయచేసి. రెండు మూడు రోజుల్లో అయిపోయేంతే పోయండి. కింద రాలిన పొట్టు ఊడ్చేయండి, జుంకో పిట్టలు నేల మీదే తింటాయి.

ఈకలు ఉబ్బించుకుని, మీరు దగ్గరికెళ్ళినా ఎగరకుండా కూర్చున్న పిట్టకి జబ్బు చేసిందని అర్థం. హౌస్ ఫించ్ అనే పిట్టకి కళ్ళు వాచి పుసులు కడితే అది వేరే అంటు, 1994 నుంచి అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఉన్నదే. రెండిట్లో ఏది కనిపించినా ఫీడర్ కడిగి రెండు వారాలు లోపల పెట్టేయండి. 'పాపం, ఆకలి' అని తీయకుండా ఉంచితే మిగతావాటికీ అంటిస్తారు.

కిటికీకి మూడడుగుల లోపే వేలాడదీయండి. బెదిరి అద్దానికి తగిలినా అంత వేగం ఉండదు. ఉడతల గొడవ తీరేది కాదు, స్తంభానికి గరాటు లాంటి అడ్డు బిగించి ఊరుకోండి.

మొదటి రెండు వారాలు ఒక్క పిట్టా రాకపోవచ్చు. ముందుగా చికడీ అనే చిన్న పిట్ట కనిపెడుతుంది, దాని వెనకే తక్కినవి. సరే, ఇదీ చెప్పాలి: మీరు నాలుగు రోజులు లేకపోతే అవేం చచ్చిపోవు. విస్కాన్సిన్‌లో చికడీలను గమనిస్తే, ఫీడర్ దగ్గర తిన్నది మొత్తం తిండిలో ఇంచుమించు ఐదో వంతే; మిగతాది అడవిలోనే వెతుక్కున్నాయి. నిశ్చింతగా ఊరెళ్ళండి. వెళ్ళేముందు ఫీడర్ ఖాళీ చేసి, కడిగి వెళ్ళండి.