వానొచ్చినా, దొంగల భయమున్నా జనరేటర్‌ని టెంట్ దగ్గరికి జరపొద్దు

క్యాంపింగ్‌కి వెళ్ళి టెంట్‌లో పడుకున్నవాళ్ళు తెల్లారి లేవలేదన్న వార్త ఈమధ్య మళ్ళీ చూశాను. ఇలాంటి వాటిలో చాలాసార్లు కారణం పక్కనే రాత్రంతా నడిచిన జనరేటర్. పిల్లల్ని దూరంగా ఉంచడం, నిప్పుతో జాగ్రత్త లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

ముందు కొనడం సంగతి. నడపాల్సిన వస్తువుల వాట్లన్నీ కూడండి. లైట్లు, ఫోన్లు, లాప్‌టాప్ వరకైతే 1000 వాట్ల ఇన్వర్టర్ జనరేటర్ (ఇంట్లో వాడే బ్యాటరీ ఇన్వర్టర్ కాదు, పెట్రోల్‌తో నడిచే జనరేటర్లలోనే ఒక రకం) చాలు. చిన్న ఫ్రిజ్ కూడా ఉంటే, దాని మోటారు అందుకునేటప్పుడు మామూలు కన్నా రెండు మూడు రెట్లు కరెంటు లాగుతుంది, ఆ లెక్కా కలపాలి. కొండ ప్రాంతాలకైతే, ఎత్తు 300 మీటర్లు పెరిగిన కొద్దీ ఇంజన్ శక్తి సుమారు మూడున్నర శాతం పడిపోతుంది.

ఇన్వర్టర్ రకానికి చప్పుడు తక్కువ. చిక్కంతా అక్కడే. చప్పుడు లేదు కదా అని టెంట్‌కి ఆనించి పెట్టేస్తారు. తగ్గింది చప్పుడే, పొగలో వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ కాదు. దానికి రంగూ వాసనా ఉండవు. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం మొదలైతే ప్రయాణం బడలిక అనుకుని పడుకుంటారు. నిద్రలో ఉన్నవాళ్ళకైతే అదీ తెలియదు. టెంట్ జిప్పు తెరిచి ఉంచాం కదా అన్న ధీమా పనికిరాదు.

కనీసం 6 మీటర్ల దూరం. ఇంకా ఎక్కువైతే మరీ మంచిది. పొగ గొట్టం మీ టెంట్ వైపే కాదు, పక్కవాళ్ళ టెంట్ వైపూ ఉండకూడదు.

ఇది తెలిసినవాళ్ళు కూడా మూడు కారణాలతో జనరేటర్‌ని దగ్గరికి లాక్కుంటారు: పొట్టి కేబుల్, వాన, దొంగల భయం. కాబట్టి జనరేటర్‌తో పాటే ఆరుబయట వాడే మందపాటి కేబుల్ 15 మీటర్లది కొనండి. వాన వస్తే ఆపేయండి, ఒక రాత్రి చీకట్లో ఉంటే పోయేదేం లేదు. దొంగల భయానికి మందు గొలుసు. దాన్ని ప్లాస్టిక్ పిడికి చుడితే కోసుకుపోవడం నిమిషం పని. లోహపు ఫ్రేమ్‌లోంచి దూర్చి చెట్టుకో, కారు హుక్కుకో కట్టాలి. ఫ్రేమ్ లేని మోడల్ అయితే గొలుసు ఎక్కడ పట్టుకుంటుందో షాపులోనే చూసుకోండి. సీరియల్ నంబర్ ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక మిగిలినవి. టెంట్ వరండాలో పెట్టొద్దు. కారు డిక్కీలో నడపొద్దు, తలుపు తెరిచి ఉన్నా సరే. వేడి ఇంజన్‌లో పెట్రోల్ పోయొద్దు, ఒలికిన చుక్క చాలు అంటుకోడానికి. పెట్రోల్ క్యాన్ టెంట్‌లోకి రాకూడదు. చదునైన నేల మీదే పెట్టండి. పడుకునే ముందు ఆపండి. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం టెంట్‌లో ఉండాలి. అలారం ఉంది కదా అని మళ్ళీ దగ్గరికి జరపొద్దు. తలనొప్పి వస్తే మాత్ర కోసం వెతకొద్దు: అందర్నీ లేపి బయటికి తీసుకురండి, తర్వాత జనరేటర్ ఆపండి, నేరుగా ఆస్పత్రికి వెళ్ళండి.