ఇల్లు కట్టేటప్పుడే నిప్పుకి తట్టుకునే చిన్న గది

ఇంటి దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు, బంగారం అన్నీ మనకి ఇనప బీరువాలోనే ఉంటాయి. దొంగకైతే బీరువా కొంత అడ్డమే కానీ, మంటల్లో ఆ పల్చటి రేకు చూస్తుండగానే వేడెక్కి లోపలి కాగితాలు మాడిపోతాయి. బంగారం కరగాలంటే 1064 డిగ్రీలు కావాలి, కాగితం దాదాపు 230 డిగ్రీలకే అంటుకుంటుంది.

అందుకే కొత్తగా కడుతుంటే మేస్త్రికి ముందే చెప్పి, పడకగది మూల ఈ చిన్న గదికి నాలుగడుగులకి అయిదడుగుల జాగా వదిలించండి. వంటగదికి ఆనుకుని వద్దు, ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన అసలే వద్దు. పై అంతస్తులో అయితే గోడ బరువు బీమ్ మీద పడేలా చూడమని ఇంజినీరుకి చెప్పండి. 9 అంగుళాల ఇటుక గోడ స్లాబు దాకా లేపి, పైన సందు లేకుండా సిమెంటుతో నింపి, రెండు వైపులా ప్లాస్టరింగ్ చేయించాలి. కిటికీ, వెంటిలేటర్, ఫాల్స్ సీలింగ్ ఏవీ వద్దు, అరలకి కడప బండలు చాలు.

అంతా చేసి టేకు తలుపు పెడితే మాత్రం గోడకి పెట్టిన డబ్బు వృథా. రెండు గంటలు తట్టుకునే స్టీలు ఫైర్ డోర్ తీసుకోండి, ద్వారబంధంతో సహా సెట్టుగా, ఫైర్ డోర్లకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 3614 ప్రకారం పరీక్షించిన సర్టిఫికెట్ చూసి మరీ. వేడికి ఉబ్బి సందులు మూసే పట్టీ దానికి ఉందో లేదో చూడండి. మడతబందులు బయటికి ఉంటే వాటిని కోసినా తలుపు ఊడకుండా ఆ వైపు కూడా గోడలోకి దిగే పిన్నులు ఉండాలి. లోపలి నుంచి తాళం చెవి లేకుండా తెరుచుకోవాలి, పిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరి.

వైర్ల కోసం కొట్టిన కన్నాలని మామూలు ఫోమ్‌తో మూస్తుంటారు, అది మండుతుంది, నిప్పుకి తట్టుకుని సందులు మూసే ఫైర్ సీలెంట్ అడిగి వేయించండి. గాలి ఆడని గది కాబట్టి చెమ్మకి సిలికా జెల్ పెట్టుకోండి. పురుగులకని కర్పూరం మాత్రం పెట్టకండి, అది తేలిగ్గా అంటుకుంటుంది.

గోడ ఎంత మందమైనా వేడి మెల్లగా లోపలికి దిగుతుంది, కాబట్టి కాగితాలు ఫైర్ రేటింగ్ ఉన్న, అంటే ఎంతసేపు నిప్పుకి తట్టుకుంటుందో పరీక్షించిన పెట్టెలో ఉంచండి. హార్డ్ డిస్క్‌లు కాగితం కన్నా చాలా తక్కువ వేడికే పాడవ్వచ్చు, వాటి కాపీ ఇంకో ఊళ్లో ఉండాలి.

మంటలొస్తే మనుషులు ఈ గదిలో దాక్కోకూడదు, గాలి ఉండదు, బయటికే పరిగెత్తాలి. ఆరాక కూడా టెన్షన్‌తో వెంటనే తలుపు తీయకండి. లోపల కాగితాలు కాగిపోయి ఉంటాయి, గాలి తగిలితే భగ్గుమనొచ్చు. గోడలు, తలుపు చల్లబడి, అగ్నిమాపక సిబ్బంది సరే అన్నాకే తీయండి.